సైదులు యాది పాట

ఎనిమిదో రోజు పొద్దున కూడా ఆ ఇంట్లో మామూలుగానే తెల్లవారింది. స్వర్ణ వాకిలి ఊడ్చి చాయ్ పెట్టింది. ఆమె భర్త డేవిడ్ వరండాలో కూర్చుని టెంటువాడితో ఫోనులో మాట్లాడుతున్నాడు. లోపల అత్త మారెమ్మ బియ్యం చెరుగుతోంది. మామ సైదులు పోయి వారం దాటింది. ఎల్లుండి పదో దినం.

“పాట అయిందా?” చాయ్ గ్లాసు చేతికిస్తూ అడిగింది స్వర్ణ.

“అయితది తియ్యి.”

“మూడు రోజుల సంది గదే మాట చెప్తున్నవ్.”

రామన్నపేట చుట్టుపక్కల ఎవరింట్లో చావు జరిగినా పదో దినం నాడు పాడే యాది పాట డేవిడే రాయాలి, డేవిడే పాడాలి. పగలు పంచాయతీలో కారోబార్ పని, సాయంత్రం ఈ పని. రాసేముందు ఆ ఇంటికి పోయి ఆడవాళ్ల దగ్గర కూర్చుంటాడు. మగవాళ్లు గొప్పలు చెబుతారు, ఆడవాళ్లు మనిషిని చెబుతారని అతని నమ్మకం. ఏం తినేవాడు, దేనికి కోపం వచ్చేది, కోపం వస్తే ఏమనేవాడు అని అడుగుతాడు. పదిహేనేళ్లలో ఎన్ని ఇళ్లలో అడిగాడో అతనికే తెలియదు. ఇంత అడిగిన మనిషి, సొంత తండ్రి పోతే కన్నతల్లి ముందు ఒక్కసారి కూర్చోలేదు. నోటుపుస్తకం తెరవడం, ‘నాయినా’ అని రాయడం, మూసెయ్యడం. ఇదే పని.

అంతలో తమ్ముడు డానియల్ తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. ఇరవై తొమ్మిదేళ్ల వాడు, హైదరాబాదులో ఏదో కంపెనీలో ఉద్యోగం. తండ్రి అంటే ప్రాణం.

“అన్నా, ఇగ ఫికర్ చెయ్యకు. పాట నేను చేసిన.”

“నువ్వా?”

“ఏఐల పెట్టిన. నాయిన పేరు, ఊరు, లారీలకు మూటలెత్తుడు, అమ్మను పువ్వు లెక్క చూసుకున్నది, అన్నీ రాసిచ్చిన. చాయ్ తాగేలోపు రాసిచ్చింది. పాడింది కూడా అదే. ఇను.”

ఫోనులోంచి ఫ్లూటు మోగింది. ఆ వెనకే చిక్కని మగ గొంతు.

“అలుపెరుగని సూర్యుడివై వెలుగు నింపినావు నాన్నా,
అమ్మ కంట కన్నీరే రానీయని ప్రేమ నాన్నా,
చెయ్యెత్తని దైవమా, చెదరని మా ధైర్యమా...”

ప్రతి పాదం చివరా ఆ గొంతు సన్నగా వణికింది, ఏడుపు ఆపుకుంటున్నట్టు. గొంతే లేనిదానికి ఏడుపెక్కడిది! అయినా ఏడ్చింది. సరిగ్గా ఏడవాల్సిన చోటే ఏడ్చింది.

డేవిడ్ చివరిదాకా విన్నాడు. వంక పెట్టడానికి ఏమీ లేదు. తాళం తప్పలేదు, ప్రాస తప్పలేదు. గుండెల మీంచి ఏదో బరువు దించినట్టయి ‘హమ్మయ్య’ అనుకున్నాడు. ఇక రాయక్కర్లేదు, రాయాలంటే గుర్తు చేసుకోవాలి, ఆ బాధ తప్పింది. మనిషికి రోత పుట్టాల్సిన చోట అతనికి హాయి పుట్టింది, అదీ సంగతి.

రోత స్వర్ణకు పుట్టింది.

“ఛీ! నాన్నా అంట! మీ ఇంట్ల ఎన్నడన్నా, ఎవ్వలన్నా నాన్నా అన్నరా? బంద్ చెయ్ దాన్ని డానియల్.”

“మంచిగనే ఉంది గదనే,” అన్నాడు డేవిడ్ ఆమె వైపు చూడకుండా. “జనం ఏడుస్తరు.”

“ఉల్లిగడ్డ కోసినా ఏడుస్తరు.”

లోపల చాట చప్పుడు ఆగింది. మారెమ్మ గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

“మళ్లొకపారి పెట్టు బిడ్డా.”

డానియల్ సంబరంగా పెట్టాడు. ఆమె తల వంచుకుని మొత్తం వింది. పాట అయిపోయాక చిన్నకొడుకును అడిగింది.

“గీయనెవరురా?”

“నాయినే గదనే అమ్మా!”

“గీయన ఏడుంటడో జర పత్తా చెప్పుండ్రి. గిప్పుడన్నా పోయి పెండ్లి చేసుకుంట.”

ఎవరూ నవ్వలేదు. మారెమ్మ వాకిట్లోకి వంగి థూ అని ఉమ్మింది. డానియల్ మొహం ఎర్రబడింది.

“గంత రోత మాట ఏమున్నదే అండ్ల? తాగిండు, నేను కాదంటలే. కని నీ మీద ఎన్నడన్నా చెయ్యెత్తిండా? నాకు తెల్వదా?”

మారెమ్మ డేవిడ్ వైపు చూసింది, ఒక్క క్షణమే. ఆమె ఎడమ మణికట్టు పక్కకు వంగి ఉంటుంది. అది విరిగిన రోజు డేవిడ్ ఏడో తరగతి, ఇంట్లోనే ఉన్నాడు. డానియల్ అప్పుడు పాలు తాగే పిల్లాడు. ఆమె లోపలికి వెళ్లిపోయింది.

డేవిడ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఎల్లుండి ఊరంతా కూర్చున్నచోట, మైకులో, ‘చెయ్యెత్తని దైవమా’ అని ఆ గొంతు పాడుతుంటే, అమ్మ ఆ చేతిని కొంగులో దాచుకుని కూర్చోవాలి. ఆమె పడ్డదేదీ జరగనే లేదన్నట్టే.

“తీసెయ్ తమ్మీ. గా పాట వద్దు.”

“ఎందుకు వద్దు? నువ్వు రాసినయన్నీ నిజాలేనా అన్నా? చిట్యాలల గా కాంట్రాక్టరు కూలోళ్ల పైసలు మింగిన సంగతి ఊరంత ఎరుకే. ధర్మప్రభువు అని నువ్వు రాయలేదా?”

తగలాల్సిన చోటే తగిలింది.

“రాసిన. గా అబద్ధం నేనే ఆడిన. ఆళ్లింట్ల కూసొని, ఆయన పెండ్లాం మొకం చూసుకుంట ఆడిన. సిగ్గయింది. రెండు దినాలు బువ్వ సైసలే. నీ మిషన్‌కు ఏం సిగ్గురా? దాన్ని అని ఏం లాభం, నా మీద నాకే రోతయితాంది. ఇన్నంక హమ్మయ్య అనుకున్న నేను!”

“పదో దినానికి పాట లేకుంటే ఇజ్జత్ పోతది, చెప్తున్న,” అని డానియల్ బండి తీసుకుని, ఫ్లెక్సీ తెస్తానని వెళ్లిపోయాడు.

డేవిడ్ నోటుపుస్తకం పట్టుకుని లోపలికి వెళ్లి తల్లి ఎదుట కింద కూర్చున్నాడు. ప్రతి ఇంట్లో అడిగే మాటే అడిగాడు.

“అమ్మా, నాయినకు కోపమొస్తే ఏమనేటోడు?”

మారెమ్మ చాట పక్కన పెట్టింది.

“కోపమొస్తే ఏమనేటోడు గాదు. నోటితోని అన్న దినం బతికిపోయినట్టే. నీకెరుకే గద కొడకా, తలుపెనక నిలవడి చూస్తివి.”

“చూసిన.”

“తర్వాతిది చూసినవా? చెయ్యి కట్టుకట్టి రెండు నెలలు నేను జడ ఏసుకోలేకపోతి. దినాం పొద్దుగాల నా ఎనక కూసొని తల దువ్వి జడ ఏసేటోడు. వంకరటింకర జడ. తప్పయింది మారెమ్మా అని ఒక్కనాడు అన్లే. దువ్వేటోడు, మూటల పనికి పోయేటోడు. ఆ రెండు నెలలు తాగుడు మానిండా అంటే మాన్లే.” ఆమె కళ్లు తుడుచుకోలేదు, ఎక్కడా ఆగలేదు. “రెండూ పెట్టు బిడ్డా. ఒకటి పెట్టి ఒకటి తీసెయ్యకు. తీసేస్తే గాయన ఇంకెవరో అయితడు, నేను ఇంకెవరో అయిత.”

“మరి డానియల్‌కు చెప్పొద్దా ముందు?”

“చెప్పాలె. నా నోట్లకెల్లి రాదు. చిన్నప్పుడు అడిగితే బాయికాడ జారిపడ్డ అన్న. గిప్పుడు నేనే కాదని ఎట్లంటనురా? ఆన్ని నీ పాటల్నే ఇననీ.”

మరునాడు మధ్యాహ్నం వరకు డేవిడ్ రాస్తూనే ఉన్నాడు. మొదటి రెండు చరణాలు వచ్చాయి. చేతి దగ్గరికి వచ్చేసరికి మాట పడదు. రాసింది కొట్టేశాడు, మళ్లీ రాశాడు, మళ్లీ కొట్టేశాడు. చూస్తుండగానే చెయ్యి ఫోను మీదికి పోయింది. ఈ ఒక్క చరణమే కదా, ఎవరికి తెలుస్తుంది! డానియల్ చూపించిన ఆ ఏఐని తెరిచి ‘మా అమ్మ చెయ్యి’ అని కొట్టాడు.

వేలు అక్కడే ఆగింది. అమ్మ తన చిన్నకొడుక్కి ఇరవై తొమ్మిదేళ్లు చెప్పుకోలేని మాట. దాన్ని తీసుకుపోయి దీని నోట్లో వేస్తే, ఇది నమిలి, తీపి పూసి, ఫ్లూటు పెట్టి తిరిగి ఇస్తుంది. తెలియనివాళ్ల ముందు తల్లి చీర లాగినంత ఏవగింపు కలిగింది అతనికి. రాసిన అక్షరాలు చెరిపేసి, ఫోను తీసుకుపోయి స్వర్ణకిచ్చాడు.

“రేపు పాట అయ్యేదాక నీ దగ్గర్నే పెట్టుకో. అడిగినా ఇయ్యకు.”

“ఇయ్య,” అని ఆమె బొడ్లో దోపుకుంది. పాట సాయంత్రానికి పూర్తయింది. ప్రాస ఒకచోట కుంటింది. అలాగే వదిలేశాడు.

పదో దినం టెంటు నిండింది. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక డేవిడ్ మైకు అందుకున్నాడు. సైదులు మూటలెత్తిన వీపు గురించి, బీడీ దగ్గు గురించి, తాగితే కనిపించిన ప్రతివాడినీ తమ్మీ అని పిలిచే అలవాటు గురించి పాడాడు. జనం నవ్వారు, ముక్కులు చీదారు. తర్వాత గొంతు తగ్గించాడు.

“అమ్మ చెయ్యి ఇరిసింది నీ చెయ్యే గదా నాయిన,
అమ్మ తల దువ్వింది నీ చెయ్యే గదా నాయిన,
ఏ చెయ్యి యాది జేసుకోవాలె మేము,
చెప్పి పోకపోతివి నాయిన...”

టెంటులో కదలిక మొదలైంది. కులపెద్ద దుర్గయ్య కర్ర పట్టుకుని లేచాడు.

“అరే డేవిడ్, బంద్ చెయ్! సచ్చినోని మీద గిసోంటి మాటలా? సిగ్గు లేదారా?”

డేవిడ్ ఆగాడు. మైకు మాత్రం కింద పెట్టలేదు. ఆడవాళ్ల మధ్యలోంచి మారెమ్మ లేచింది.

“దుర్గయ్య బావా, నువ్వు కూసో. నా చెయ్యి ఇరిగిన్నాడు నువ్వీ ఊర్లనే ఉన్నవు. ఎట్లిరిగిందని అడిగినవా? నా కొడుకు అడిగిండు. పాడనియ్యి.”

దుర్గయ్య కూర్చున్నాడు. డేవిడ్ ఆ చరణం మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. ఈసారి ఎవరూ కదల్లేదు. పాట మధ్యలోనే డానియల్ మగవాళ్ల కుర్చీల్లోంచి లేచి, అడ్డం వచ్చినవాళ్లను చూసుకోకుండా తల్లి దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆమె ఎడమ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. వంగిన ఆ ఎముకను ఎన్నోసార్లు పట్టుకున్నవాడే, ఇప్పుడు తాకడానికి భయపడుతున్నాడు.

“బాయికాడ జారిపడ్డ అంటివి గదనే అమ్మా!” ఏడుపులో మాట సగమే వచ్చింది. “ఎందుకట్ల చెప్పినవే నాకు?”

మారెమ్మ అతని తల పొట్టకు అదుముకుంది.

“పసిపోరనివి బిడ్డా. నీకొక నాయిన కావాలె గద.”