నాలుగో మడిలో గరిక

ఇచ్ఛాపూర్ ఫ్యాక్టరీ గ్రౌండులో బంతి తాడు దాటి గడ్డిలో పడింది. దాని వెనకే ప్రణయ్ కూడా దూకాడు. బయటికి రమ్మని ఒకమ్మాయి హిందీలో గద్దించింది.

"గడ్డికి గూడ పహారానా?" అని అతను తెలుగులో గొణిగాడు.

"అవును, పహారానే. ముందు బయటికి రాండ్రి" అంది ఆమె, చల్లగా, తెలుగులోనే.

ఆమె పేరు నవత. తండ్రి సోమలింగం ఈ ఊరికి వలసొచ్చి లింబాయత్ పేటలో మరమగ్గాలు నడుపుతాడు. వ్యవసాయ డిగ్రీ చదివిన నవత ఇక్కడ గడ్డిని పరీక్షించడానికి వచ్చింది. తాళ్ల మధ్య నాలుగు మడులు, ఒక్కోదాంట్లో ఒక్కో మిశ్రమం. ఎంత తొక్కినా బతికే గడ్డి దొరికితే గ్రౌండంతా అదే వేస్తారు. దొరక్కపోతే రాళ్లు పరిచి పార్కింగ్ చేస్తారు.

ప్రణయ్ ఆ ఫ్యాక్టరీలోనే ఫిట్టర్, కార్మికుల ఫుట్‌బాల్ టీముకి కెప్టెన్. గ్రౌండు పోతే టీమే లేదు. తొక్కే పని మాకివ్వమని అప్పటికప్పుడే అడిగాడు.

ఇక రోజూ సాయంత్రం ఒక్కో మడి మీద నలభై రౌండ్లు. నవత నాలుగో మడి పక్కన కూర్చుని రాసుకునేది. ఒక్క రౌండు తగ్గినా మళ్లీ పరుగెత్తించేది. అందరూ ముగించి పోయాక కూడా ప్రణయ్ అక్కడే లేసులు కట్టుకుంటూ, కాళ్లు సాగదీస్తూ, వానొస్తే ఆమెకు గొడుగు పడుతూ తచ్చాడేవాడు.

ఎనిమిది వారాలకు మూడు మడులు బట్టతలలయ్యాయి. నవత ఆశంతా గరికకు పాస్పాలం గడ్డి కలిపిన నాలుగో దాని మీదే. అందులోనూ ఒక పక్క మట్టి తేలింది. ఏదీ పనికిరాదని రిపోర్టు రాస్తూ ఆమె చున్నీతో కళ్లు ఒత్తుకుంది.

ప్రణయ్‌కి కారణం తెలుసు. చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే గ్రౌండు పోతుంది.

"జర ఆగు నవతా. నాలుగోదాన్ని నేను ఎక్కువ తొక్కిన."

"ఎన్ని రౌండ్లు?"

"రౌండ్లు కాదు. రోజూ అర్ధగంట నీ పక్కకు నిలబడుడే. నువ్వంటే నాకు ఇష్టం."

నవత తన రెండు నెలల కష్టం మట్టిపాలు చేశావని కడిగేసింది. ఫ్యాక్టరీ మేనేజరు కాళ్లావేళ్లా పడి గడువు తెచ్చుకుని, విడిగా పెంచిన అదే మిశ్రమం మీద పరీక్ష మళ్లీ మొదలుపెట్టింది. టీమంతా రావచ్చు, ప్రణయ్ తప్ప.

అతను గేటు దాకా వచ్చి వెనక్కి పోయేవాడు. గోల్‌కీపర్ వెంకీ వార్తలు మోసేవాడు: గడ్డి పచ్చగానే ఉంది, మేడమే వాడిపోయింది అని.

ఆఖరి రోజు నవత నుంచి ఫోనొచ్చింది.

"గడ్డి నిలబడ్డది. గ్రౌండంతా అదే ఏస్తరట."

ప్రణయ్ ఇక తను రావచ్చా అని అడిగాడు.

"గ్రౌండుకు కాదు, ఐతారం మా ఇంటికి రా. నాయినకు అంతా చెప్పిన" అంది నవత.

ఆదివారం సోమలింగం మగ్గాలు ఆపి, అతన్ని కిందినుంచి పైకి చూశాడు.

"నా బిడ్డ పని ఖరాబ్ చేసింది నువ్వేనా?"

బాబాయ్ వరసలో కాకా అనబోయిన ప్రణయ్ కంగారులో, "నేనే మామా" అన్నాడు.

లోపల నవత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సోమలింగం మీసాల కింద నవ్వు దాచుకోలేకపోయాడు.

"వరస నువ్వే కలుపుకుంటివి. ఇగ మీ అమ్మానాయినను తోలుకరా, కూసోని మాట్లాడుదం."