గేటు మీద మాట

గుడిసెబండికి కట్టిన గంట ఆగకుండా మోగింది. అందులో అద్దెకు దిగిన అతిథులకేదో ఇబ్బంది వచ్చిందన్నమాట. హెస్టర్ రబ్బరు బూట్లు తొడుక్కుని వర్షంలోనే పచ్చిక దాటి వెళ్ళింది.

తలుపు తీసింది నెడ్. అతని వెనక నుంచి పొగ బయటికొస్తోంది.



"పొయ్యి," అన్నాడతను.

"పొగగొట్టం మూత తెరవాలి. దాన్ని అమర్చింది నువ్వే."

"మర్చిపోయాను."

"అది నీకు అలవాటేగా."

ఆ చక్రాల గుడిసె ఒకప్పుడు గొర్రెల కాపరులది. ష్రాప్‌షైర్‌లోని హెస్టర్ తండ్రి పొలంలో తుప్పుపట్టి పడుంటే, ఒక చలికాలమంతా ఆమె, వడ్రంగి అయిన నెడ్ కలిసి కూర్చుని బాగుచేశారు. ఇప్పుడందులో నార దుప్పట్లు, సౌరదీపాలు, బయట కట్టెలతో కాగే రాగి స్నానపు తొట్టి. నీళ్ళ బదులు రంపపుపొట్టు చల్లే మరుగుదొడ్డిని చూసి లండన్ వాళ్ళు మురిసిపోతారు.

నెడ్ వెనక నుంచి ఒకమ్మాయి దగ్గుతూ నవ్వింది. పేరు ఇమొజెన్. గుడిసె అద్దెకు తీసుకున్నది ఆమె పేరు మీదే. ఎక్కడికో చెప్పకుండా కాబోయే భర్తను ఇక్కడికి తీసుకొచ్చానని చెప్పింది. పిల్ల మంచిది. తిట్టుకోవడానికి కూడా సందివ్వనంత మంచిది.

రెండేళ్ళ క్రితం ఇదే గుడిసె మెట్ల మీద కూర్చుని, స్కాట్లండులో పడవలు కట్టే పని దొరికిందన్నాడు నెడ్. "వెళ్ళనా?" అని అడిగాడు. అతని చొక్కా పట్టుకుని ఆపాలనిపించింది హెస్టర్‌కు. కానీ ఆమె పెరిగిన ఇంట్లో, కప్పు కూలినా సరే, అనే మాట ఒక్కటే. అదే అంది: "నాకేం ఫరవాలేదు." అతనూ అలాంటి ఇంట్లోనే పెరిగాడు. ఆపైన రెట్టించడం మర్యాద కాదనుకుని వెళ్ళిపోయాడు.

ఈసారి నోరు తెరిచి తీరాలనుకుంది హెస్టర్.

ఆదివారం ఉదయం సన్నగా తుంపర. ఇమొజెన్ కారులో కూర్చుంది. నెడ్ గేటు తీస్తున్నాడు.

"వెళ్ళకు, నెడ్."

కారులోంచి ఇమొజెన్ నవ్వింది. "గేటు మీద రాసిన మాటే. మీ మర్యాద మాత్రం మరచిపోలేమండీ."

నెడ్ తలెత్తి బోర్డు చూశాడు. తెల్లరంగుతో ఒకటే మాట: 'వెళ్ళకండి'. అతిథులందరూ దాని పక్కన నిలబడి ఫోటో దిగుతారు.

"ఎప్పుడు రాశావ్?" నెమ్మదిగా అడిగాడు.

"నువ్వు వెళ్ళిన వారానికి."

అతని చేయి గేటు మీదే ఉండిపోయింది. గొంతు ఇంకా తగ్గించాడు. "పెళ్ళి ఇక్కడే, ఈ గుడిసె ముందే చేసుకుందామంటోంది తను. వద్దని చెప్పనా?"

హెస్టర్ అతని ముఖంలోకి చూసింది. మళ్ళీ ప్రశ్నే. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. తనకేం కావాలో అతను చెప్పడు. ఆ బరువూ ఆమే మోయాలి. కారులోంచి ఇమొజెన్ చేయి ఊపుతోంది.

"నాకేం ఫరవాలేదు," అంది హెస్టర్.

ఈసారి అతను నమ్మలేదు. కళ్ళలోనే తెలిసిపోయింది.

అయినా వెళ్ళి కారెక్కాడు.