ఎవాన్ అడిగిన గుక్కెడు

డిసెంబరు నెలలో, విస్కీ బట్టీల ఊరైన డఫ్‌టౌన్‌లో మూడున్నరకే చీకటి పడుతుంది. దానికెవరూ బెదరరు. దీపాలు వేసుకుని టీ పెట్టుకుంటారు. ఆ శనివారం ఇష్బెల్ గెడ్డీస్ కూడా అదే చేసింది. కెటిల్ పెట్టి, వంటింటి బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, దాని మీద సీసా నిలబెట్టింది. పాత విస్కీని ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి. పడుకోబెడితే సరుకు బిరడాని తినేస్తుంది.

ఇలాంటివి ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆమె పని పాత సీసాలకి వెల కట్టడం. వేలం వాళ్ళు ఆమె మాట మీదే ధర పెడతారు. లేబులు చూస్తుంది, సీలు చూస్తుంది, లోపల విస్కీ మట్టం ఎంత ఉందో చూస్తుంది. "రుచి తాగేవాడిది, సీలు మనది" అంటుండేది. ఎంత గొప్ప సరుకైనా సరే, సీలు తీశారా, వేలంలో దాని మొహం చూసేవాడుండడు. ఆ సూత్రమే చివరికి ఆమె కొంప ముంచింది.

ఈ సీసా ఆమె మొగుడు ఎవాన్‌ది. ఊళ్ళో అతను పనిచేసే విస్కీ బట్టీ మూతపడిన రోజు పనివాళ్ళకి తలా ఒకటి ఇచ్చి పంపారు. మిగతావాళ్ళు వారం తిరక్కుండానే ఖాళీ చేశారు. ఎవాన్ మాత్రం, పెళ్ళయి నలభై ఏళ్ళు నిండే రోజున ఇద్దరం కలిసి తాగుదామని అల్మారాలో దాచాడు. పోయిన ఫిబ్రవరిలో, ఆ రోజు ఇంకా మూడు వారాలుందనగా, మంచం మీంచి అడిగాడు.

"ఒక్క గుక్కెడు పొయ్యవే, ఇష్బెల్. మూడు వారాలు నేనుండను."

"చాల్లే, పాడు మాటలూ నువ్వూనూ! ఇప్పుడు సీలు తీస్తే అది ఎందుకూ కొరగాదు. ఆ రోజే తీద్దాం."

ఎవాన్ నవ్వి ఊరుకున్నాడు. రెండు రోజులకి పోయాడు.

పది నెలలుగా ఆ మాట ఆమెని లోపల్లోపల తొలిచేస్తోంది. అల్మారా తలుపు తీసినప్పుడల్లా ఆ సీసా కనిపిస్తుంది. అందుకే అమ్మేద్దామనుకుంది. డబ్బుకి కాదు, కళ్ళ ముందు లేకపోతే చాలని.

బుధవారం దాన్ని బయటికి తీసి, పని అలవాటు కొద్దీ, మట్టం దగ్గర సన్నటి కాగితం ముక్క అంటించింది. గురువారం పొద్దున్న చూస్తే విస్కీ ఆ కాగితానికి వేలి మందం కిందకి దిగి ఉంది. శుక్రవారం రెండు వేళ్ళు. సీలు చెక్కు చెదరలేదు. సీసా కింద తడి లేదు. వంటిల్లంతా మాత్రం తేనె వాసన, పొగ వాసన, పాత పీపాల చెక్క వాసన.

నాలుగింటికి హెక్టర్ ఇమ్లాక్ వచ్చాడు. వేలం సంస్థ మనిషి, ఇష్బెల్ దగ్గరే పని నేర్చుకున్నాడు. వట్టి వసపిట్ట. సీసా వెనక నుంచి టార్చి కొట్టి చూసి నవ్వాడు.

"పీపాల్లో ఆవిరైపోయే సరుకుని దేవతల వాటా అంటాం గానీ, ఇష్బెల్ గారూ, మీ ఇంటి దేవతలు మరీ తాగుబోతుల్లా ఉన్నారే!"

"వెక్కిరింతలు తర్వాత. ముందు తూకం వెయ్యి."

సీసాని తూకం మిషను మీద పెట్టాడు. పన్నెండు వందల పది గ్రాములు. రాసుకోవడానికి పెన్ను తీశాడు. పన్నెండు వందల ఏడు. మిషనుని ఓసారి తట్టాడు. పన్నెండు వందల రెండు...

హెక్టర్ పెన్ను కింద పెట్టి, సీసా మీదికి వంగాడు.

అప్పుడు ఒక చప్పుడు వినిపించింది. గుటక. మెల్లగా... ఆగి, మళ్ళీ... మింగడం కష్టమైన మనిషి ఓపిక తెచ్చుకుని మింగుతున్నట్టు. పదకొండు వందల తొంభై. సీసాలో విస్కీ వాళ్ళ కళ్ళ ముందే దిగుతోంది.

"దీన్ని నేను తీసుకెళ్ళను," అన్నాడు హెక్టర్, కోటు తొడుక్కుంటూ. "మీరూ ఇక్కడుండకండి. మా ఇంటికి రండి. మా ఆవిడ సూపు చేసింది."

"నువ్వెళ్ళు నాయనా."

భయం లేక కాదు. కానీ ఆ గుటక ఆమె ఎరిగిందే. చివరి నెలంతా మంచం పక్కన కూర్చుని విన్నది అదే.

కారు చప్పుడు దూరమైంది.

"ఎవాన్..."

గుటక ఆగింది. చెవి పక్కనే, చల్లగా, గుసగుసగా...

"సీలు తియ్యలేదే నేను."

తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడిలా అన్నాడు. ఇష్బెల్ గుండె చెరువైపోయింది. పోయాక కూడా ఆ పిచ్చి మనిషి ఆమె మాట జవదాటలేదు.

"దిక్కుమాలిన సీలు! మన్నైపోనీ!"

కత్తి తీసి సీలు మైనం చెక్కేసింది. బిరడా చేతిలో పొడి పొడిగా రాలింది. రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి అతని కుర్చీ ముందు పెట్టింది.

"తాగు. ఎంత కావాలంటే అంత తాగు. నోరెండిపోయి అడిగితే లేదన్నాను. నన్ను క్షమించవయ్యా..."

గ్లాసు కదల్లేదు. అయిదు నిమిషాలు. పది నిమిషాలు. చుక్క తగ్గలేదు.

"ఇప్పుడొద్దా? ఇప్పుడింక వద్దా?" బల్ల మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది.

కుర్చీ కిర్రుమంది.

తలెత్తింది. గ్లాసులో విస్కీ సన్నగా అల్లాడింది... ఎవరో వేలు ముంచినట్టు. లేవబోయింది. చల్లటి చెయ్యొకటి భుజం మీద పడి, మెత్తగా నొక్కి కూర్చోబెట్టింది. కింది పెదవికి తడి తగిలింది. ఈ చివరి నుంచి ఆ చివరికి, నెమ్మదిగా. తర్వాత పై పెదవికి. తేనె, పొగ.

అలా తడపడం ఆమెకి తెలుసు. మనిషికి ఇక మిగిలింది గంటలే, గొంతులో ఏమీ పొయ్యకూడదు, పెదాలు ఇలా తడుపుతూ ఉండండి అని నర్సు చేసి చూపించింది. ఎవాన్ పోయిన రాత్రి తెల్లవార్లూ ఆమె చేసింది అదే, ఉత్త నీళ్ళతో.

"నాకెందుకు, ఎవాన్?"

గ్లాసులో మళ్ళీ వేలు మునిగింది.

ఇష్బెల్‌కి ఒంట్లో ఏ నలతా లేదు. పోయిన సోమవారమే డాక్టరు పరీక్ష చేసి, గుండ్రాయిలా ఉన్నావమ్మా, ఇంకో ముప్పై ఏళ్ళు ఢోకా లేదన్నాడు.