లెక్కలోకి రాని చెయ్యి

డబ్బా విప్పని రైలుబండికి విలువ పోయి అప్పటికి పదకొండేళ్లయింది. అంతకుముందు లోకం తీరు వేరు. నమూనా రైళ్లు పోగుచేసే పెద్దమనుషులు ఇంజను కొని, డబ్బా సీలు కూడా తియ్యకుండా బీరువాలో దాచేవారు. పట్టాల ముఖం చూడని బండికే వేలంలో గిరాకీ ఉండేది. 2070లో మమతామాపకం వచ్చి ఆ లెక్కను తలకిందులు చేసింది.

సూత్రం చెప్పుకుంటే తేలికే. మనం ఒక వస్తువును పట్టుకున్న ప్రతిసారీ వేళ్ల చెమట, నూనె, రాలిన చర్మకణాలు దాని మీద పలచటి పొరగా మిగిలిపోతాయి. సంతోషంలో పట్టే చెమట వేరు, భయంలో పట్టేది వేరు, దుఃఖంలో పట్టేది మరీ వేరు. మమతామాపకం టెరాహెర్ట్జ్ కిరణాలతో ఆ పొరలను ఉల్లిపొరల్లా ఒక్కొక్కటే విడదీస్తుంది. ఏ చెయ్యి, ఏ రోజు, ఏ మనసుతో పట్టుకుందో చెబుతుంది. చివరికి సున్నా నుంచి నూరు దాకా ఒక సంఖ్య ఇస్తుంది. దాని పేరు స్పర్శాంకం. సంతోషమైనా దుఃఖమైనా మనసారా ముట్టుకున్న బండికే విలువ అని ఆ సంఖ్య తేల్చేసరికి, సీలు తియ్యనివాళ్లు నెత్తిన గుడ్డేసుకున్నారు.

సికింద్రాబాదు వేలంశాలలో ఆ యంత్రం ముందు కూర్చునే వేల్యూయర్ జోషిత. ఏభై ఆరేళ్ల మనిషి. బండిని తిరగేసి, చక్రాలను చూపుడువేలితో తిప్పి, ఇరుసు అరుగుదల చూసి, యంత్రం పళ్లెంలో పెట్టడం ఆమె పని. నూలు తొడుగులు పొరలను గీకేస్తాయి కాబట్టి ఒట్టి చేతులతోనే పట్టుకోవాలి.

ఆ మార్చి సాయంత్రం తార్నాక నుంచి అయాన్ష్ అనే పెద్దాయన పచ్చ డీజిల్ ఇంజనును తువ్వాల్లో చుట్టుకుని వచ్చాడు.

"దినాం పొద్దున పావుగంట, రాత్రి పావుగంట పట్టుకుంటున్నమ్మా. ఆర్నెల్ల సంది. జర మంచిగ చూడు" అన్నాడు.

జోషిత చక్రాలు తిప్పి చూసి పళ్లెంలో పెట్టింది.

"ఒకే చెయ్యి. పద్ధతిగా, రోజుకు రెండుసార్లు" అంది యంత్రం. ఎవరి మనసూ నొప్పించని గొంతు దానిది. "పట్టుకున్నప్పటి మనఃస్థితి ఆశ. స్పర్శాంకం పదకొండు."

"ఆశ అంటె మంచిదే గద?"

"ధర మీద ఆశ అండీ" అంది జోషిత.

రక్తపోటు మాత్రలు వేసుకున్నట్టు రోజుకు రెండు పూటలా రైళ్లను కావలించుకునే జనం ఊరినిండా ఉన్నారు. యంత్రం అదీ పసిగట్టేస్తుంది. అయాన్ష్ గారు మొహం మాడ్చుకుని, శుక్రవారం వేలానికి ఇంజనును అక్కడే వదిలి వెళ్లాడు. ఇదివరకైతే జోషితకు నవ్వొచ్చేది. నాలుగు నెలలుగా నవ్వు రావడం లేదు. ఏడుపూ రావడం లేదు.

నవంబరులో ఆమె భర్త వేదాంత్ మెట్రోలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి, పొద్దున ఆయన తాగిన కాఫీ గ్లాసు కడిగి బోర్లించింది. పదకొండో రోజున ఆడపడుచు అందరూ వింటుండగానే అడిగేసింది. "ఏంటి వదినా, కంట తడైనా పెట్టవేం? ముప్పై ఏళ్లు కాపురం చేసిన మొగుడే కదా!" జోషిత వచ్చినవాళ్లకు మంచినీళ్లు అందిస్తూనే ఉంది. పదమూడో రోజున పనిలోకి వచ్చేసింది.

తిండి రుచి తెలియదు. ఎండ తెలియదు. ఎవరో తన ఒంటిని అద్దెకు తీసుకుని నడుపుతున్నట్టు ఉంటుంది. ఆమెను తొలుస్తున్న అనుమానం ఒక్కటే. నాకు ఆయన మీద ప్రేమ ఉండేదా, లేక అలవాటేనా?

వేదాంత్‌కు ఉన్న ఆస్తల్లా ఒక నల్లటి ఆవిరి ఇంజను. అసలు దానిలో ఎనభై ఏడో వంతు, ఇత్తడిని అరగదీసి చేత్తో చేసినది. రోజూ సాయంత్రం ఆరూ పదికి, టైంటేబులు తప్పకుండా, హాల్లో బల్ల చుట్టూ దాన్ని నడిపేవాడు. అన్నానికి పిలిస్తే, "క్రాసింగ్ ఉంది జోషీ, ఐదు నిమిషాలు" అనేవాడు. ఆ ఐదు నిమిషాల కోసం ముప్పై ఏళ్లు చారు మళ్లీ మళ్లీ వెచ్చబెట్టింది ఆమె.

వేల్యూయర్‌కి అనుమానం వస్తే తేల్చుకునే దారి ఒకటే కదా. ఫిబ్రవరి నుంచి వరసగా ముప్పై సాయంత్రాలు ఆ ఇంజనును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆయన్ని తలుచుకుంది. తలుచుకోవాలని తలుచుకుంది. తన చేతి పొరలో ఏమైనా కనబడితే బండి ఇంట్లో ఉంచుకోవాలి, సున్నా వస్తే శుక్రవారం అమ్మెయ్యాలి అనుకుంది.

అయాన్ష్ గారు వెళ్లిన మర్నాడు పొద్దున్నే, ఎవరూ రాకముందు, దాన్ని పళ్లెంలో పెట్టింది.

"ఒక చెయ్యి. ఇరవై తొమ్మిదేళ్లు. సంతోషం, ఎనభై ఎనిమిది. నవంబరుతో ఆగిపోయింది" అంది యంత్రం.

"ఇంకో చెయ్యి?"

"లేదు."

"ఫిబ్రవరి నుంచి?"

"సున్నా."

జోషితకు ఆశ్చర్యం కూడా కలగలేదు. తనకు తెలిసిందే యంత్రం చెప్పిందనుకుంది. అమ్మకం ఫారం నింపి, సంతకం పెట్టి, ఇంజనును అరలో మిగతా బండ్ల పక్కన పెట్టింది.

మధ్యాహ్నం ఆ ఫారం పట్టుకుని డాక్టర్ విహాన్ వచ్చాడు. మమతామాపకాన్ని తయారుచేసిన శాస్త్రవేత్త ఆయనే, వేలంశాలలో వాటాదారూ ఆయనే. డెబ్బై దాటినా మనిషి చురుగ్గా ఉంటాడు.

"ఇదేంటమ్మా జోషితా? వేదాంత్ బండి అమ్మేస్తున్నావా?"

"నా చెయ్యి సున్నా వచ్చిందండీ."

విహాన్ ఆమె వంక వింతగా చూశాడు. "నీ చెయ్యి సున్నా రాక ఏమొస్తుంది? ఇక్కడికొచ్చిన ప్రతి బండినీ నువ్వే పట్టుకుంటావు కదా. నువ్వు చేరిన రోజునే నీ చేతి పొరని తీసివేతలో పెట్టాను. కిరాణా కొట్లో ముందు ఖాళీ గిన్నె బరువు తీసేస్తారు చూడు, అలాగ. నువ్వు బంగారాన్ని పట్టుకున్నా, బొగ్గుని పట్టుకున్నా ఇది నిన్ను చూడదు."

పదకొండేళ్లుగా రోజూ చేసే పనే. గిన్నె తన బరువు సంగతి మరిచిపోయింది.

విహాన్ తాళం సంఖ్య నొక్కి, పరీక్ష కోసం తీసివేతను ఆపాడు. నల్ల ఇంజను మళ్లీ పళ్లెంలోకి వెళ్లింది.

"రెండో చెయ్యి ఉంది. ముప్పై సాయంత్రాలు. మనఃస్థితి ప్రయత్నం. దుఃఖం, మూడు."

మూడు! జోషిత ఆ అంకెను కాసేపు చూసింది. సున్నా కాదు, అంతే. ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. అప్పుడే యంత్రం మళ్లీ మాట్లాడింది.

"దాచి ఉంచిన పాత కొలతల ప్రకారం, ఈ చేతి పొర అరలోని బండ్లన్నిటి మీదా ఉంది. చదవమంటారా?"

"చదువు" అన్నాడు విహాన్.

"పచ్చ డీజిల్ ఇంజను. రెండో చెయ్యి, దుఃఖం, తొంభై ఏడు. గూడ్సు పెట్టె. దుఃఖం, తొంభై నాలుగు. ఎర్ర రైలుబస్సు. దుఃఖం, తొంభై ఆరు..."

అది అలా చదువుతూనే ఉంది. అరలో ఉన్నవి రెండు వందల పన్నెండు బండ్లు. ఒక్కటి కూడా తొంభైకి తగ్గలేదు. పిలిచినప్పుడు రాని దుఃఖం, ఆమె చూడనప్పుడు, చక్రం తిప్పిన ప్రతిసారీ ముక్కూ మొహం తెలియనివాళ్ల బండ్ల మీదికి దిగుతూ వచ్చింది. నవంబరు నుంచి అమ్ముడుపోయినవి వెయ్యికి పైనే ఉంటాయి. అవన్నీ ఇప్పుడు ఎవరెవరి ఇళ్లలోనో ఉన్నాయి.

"నేనేమీ అనుకోలేదండీ వాటిని పట్టుకున్నప్పుడు" అంది జోషిత. "చక్రాలే చూశాను."

విహాన్ కళ్లు చెమర్చాయి. ఆమె భుజం తట్టాడు. ఆయన బాధ నిజమైనదే. కానీ ఆ చెయ్యి ఇంకా భుజం మీద ఉండగానే ఆయన చూపు అరవైపు మళ్లింది.

"అమ్మా, ఒక మాట అడగనా? ఈ తీసివేతని ఇలాగే ఆపి ఉంచేద్దాం. అబద్ధమేం కాదు కదా, దుఃఖం నిజమే. కొన్నవాడికీ లాభం, అమ్మినవాడికీ లాభం." భుజం మీంచి చెయ్యి తీశాడు. "డాక్టరు దగ్గరికీ అదీ ఇప్పుడే వెళ్లకు. ఏడ్చేస్తే మనసు తేలికపడిపోతుంది. వేసవి వేలాల దాకా ఇలాగే ఉండగలవా?"

"తెలీదండీ" అంది జోషిత. చట్టం ప్రకారం తీసివేత ఉంచడానికీ ఆపడానికీ వేల్యూయర్ సంతకం కావాలి. రేపు చెబుతానంది. విహాన్ మాత్రం ఆగలేకపోయాడు. సాయంత్రంలోగా నలుగురైదుగురు అమ్మకందార్లకు ఫోన్లు చేసి శుభవార్త చెప్పేశాడు.

మర్నాడు తలుపు తియ్యగానే అయాన్ష్ గారు తువ్వాల్లో ఇంకో బండి చుట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఈసారి నీలం రంగు ప్యాసింజరు పెట్టె.

"విహాన్ సారు చెప్పిండమ్మా. నీ చేతిల ఏదో ఉందంట. ఇది గూడ జర పట్టుకో."

జోషిత పెట్టెను అందుకుంది. ఒక చక్రం తిప్పింది. రెండోది తిప్పింది. అది సన్నగా కిర్రుమంది.

"ఆరోగ్యం మంచిగలేదా అమ్మా? మొకమంత గుంజుకపోయింది."

"మా ఆయన పోయారండీ."

నాలుగు నెలల్లో ఆ మాట ఆమె నోటివెంట రావడం అదే మొదలు. విన్నవాళ్లంతా వేరేవాళ్ల దగ్గర విన్నవాళ్లే.

"అయ్యో! ఎట్ల తల్లీ?" అయాన్ష్ గారు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. మొహంలో జాలి నిజంగానే ఉంది. "ఇంకాసేపు పట్టుకో బిడ్డా. తొందరేం లేదు. నాకేం పనిలేదు."

అంత మెత్తటి మాట ఆమె విని చాలా రోజులైంది. పెట్టెను రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"తీసివేత ఉంచాలా, ఆపాలా?" అని అడిగింది యంత్రం.

"ఉంచు" అంది జోషిత. తెరమీద వేలితో సంతకం పెట్టింది. ఎవరి బండి విలువ వాళ్ల చేతిదే కావాలి, తన చేతిది కాదు.

"అంటే ఏందమ్మా?"

"నా చెయ్యి లెక్కలోకి రాదండీ. నేను ఎంతసేపు పట్టుకున్నా మీ బండి ధర మారదు."

అయాన్ష్ గారు గోడ గడియారం వంక చూశాడు. తువ్వాలు విప్పి ఒళ్లో పరుచుకున్నాడు.

"అట్లనా" అన్నాడు. ముందుకు వంగి, ఆమె వేళ్లను ఒక్కొక్కటిగా, నొప్పి పుట్టకుండా విడదీసి, పెట్టెను తీసేసుకున్నాడు. "మల్ల ఎప్పుడన్న వస్త తల్లీ. పైలం."

తలుపు మూసుకుంది. జోషిత చేతులు పెట్టెను పట్టుకున్నట్టే గాలిలో ఉండిపోయాయి. వాటిలో ఇప్పుడు ఎవరి బండీ లేదు. అప్పుడు ఏడుపొచ్చింది.

"తర్వాతి బండి పెట్టండి" అంది యంత్రం.

"క్రాసింగ్ ఉంది" అంది జోషిత, మొహాన్ని ఆ చేతుల్లోనే దాచుకుని. "ఐదు నిమిషాలు."