కదిరి బస్సులో విచారణ

శశికుమార్ బస్సెక్కి కుడిపక్క సీటులో కూర్చున్నాడో లేదో, ఎడమపక్క కిటికీ దగ్గరున్న అమ్మాయి అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"ఏమప్పా, నువ్వు గూడా విచారణ పార్టీనా?"

"సీటు ఖాళీగా ఉండాది, కూర్చుంటి. దానికి పార్టీ ఎందుకు?"

"ఈ బస్సులో ఖాళీ సీట్లు లేవు. అన్నీ పార్టీ సీట్లే."

అది 1999 వేసవి. కరువు ఊళ్ళకు పోవాల్సిన నీళ్ళ ట్యాంకరును మండల ప్రెసిడెంటు నరసింహులు తన చీనీ బత్తాయి తోటకు మళ్ళిస్తున్నాడని గొడవ రేగింది. పదవిలో ఉండగానే విచారణ జరిపి కేసు పెట్టాలని ఒక పార్టీ. పదవీకాలం అయ్యాక చూసుకోవచ్చని ఇంకో పార్టీ. రెండు పార్టీలవాళ్ళూ ఒకే బంకులో టీ తాగడం కూడా మానేశారు. కదిరి పోవడానికి మాత్రం ఒకటే పొద్దుటి బస్సు కాబట్టి, దాన్ని నిలువునా పంచుకున్నారు. విచారణ కావాలనేవాళ్ళు కుడిపక్క, వద్దనేవాళ్ళు ఎడమపక్క. 'స్త్రీలకు' అని రాసిన సీట్లకు కూడా మినహాయింపు లేదు. కండక్టర్ పాపన్న మధ్యలో నిలబడి రెండు పక్కలవాళ్ళకూ తల ఊపుతూ టికెట్లు కొట్టేవాడు.

శశికి ఏ పార్టీ లేదు. కదిరిలో కాలిపోయిన బోరు మోటార్లు బాగుచేసే షాపులో పని. ఎడమపక్కకు పోయి ఆ అమ్మాయి మాటకు అవునంటే మాట అక్కడితో అయిపోతుంది. కాదంటే కదిరి దాకా సాగుతుంది. అందుకే కుడిపక్కనే స్థిరపడ్డాడు.

ఆమె పేరు ఎలిజబెత్ అనీ, డిగ్రీ చదువుతోందనీ పాపన్న చెప్పాడు.

"జనం ఓట్లేసి గెలిపించినారు. నడిమధ్యలో నిలదీస్తే పనులెవరు చూస్తారు?" అనేది ఆమె.

"అమెరికాలో కుర్చీలో ఉండే ప్రెసిడెంటునే విచారణ చేసినారు. పేపర్ చదవలేదా?"

"చదివినా. కడాకు వదిలేసినారు గదా. ఈడా అంతే. పెద్దోళ్ళు బయటపడతారు, చిన్నోళ్ళు నలుగుతారు."

"వదిలేసినా, ముందు అడిగినారు గదా. అడగాల."

చిన్నోళ్ళు నలుగుతారనేటప్పుడు ఆమె గొంతు తగ్గేది. శశి అది పట్టించుకోలేదు. కోపం వస్తే ఆమె ఎడమ కనుబొమ్మ ఒక్కటే పైకి లేస్తుందని కనిపెట్టిన సంబరంలో ఉన్నాడు.

ఒకరోజు దారిలో నాలుగు చినుకులు పడ్డాయి. రెండు పార్టీలవాళ్ళూ గబగబా కిటికీల్లోంచి చేతులు బయటపెట్టారు. ఎలిజబెత్ తడిసిన వేళ్ళు అతని ముఖం మీద విదిలించింది.

"ఇదీ మా ప్రెసిడెంటే కురిపించినాడు. విచారణ చేయించు పో."

ఆ రోజు షాపులో శశి ఒక మోటారుకు తీగ తలకిందులుగా చుట్టాడు.

మరుసటి వారమే కొంప మునిగింది. ప్రెసిడెంటు తోటలో మోటారు బిగించడానికి పోయిన శశి, ట్యాంకరు అక్కడి తొట్టిలో నీళ్ళు దింపుతుంటే కళ్ళారా చూశాడు. తెల్లారి బస్సులో ఆగలేకపోయాడు.

"నేనే చూసినా. ముందు ఆ ట్యాంకరు డ్రైవర్ని లోపలేస్తే అంతా కక్కుతాడు. ఇప్పుడేమంటావు?"

ఆమె ముఖం పాలిపోయింది. తర్వాతి స్టాపులోనే దిగిపోయింది.

"ఏం పని చేసినావప్పా," అన్నాడు పాపన్న చిన్నగా. "ఆ డ్రైవర్ యేసన్న ఆ పాప నాయన."

ఆమె మళ్ళీ బస్సెక్కలేదు. రోజూ ఆమె ఊరి స్టాపులో బస్సు ఆగుతుంది, శశి మెడ చాచి చూస్తాడు, బస్సు కదులుతుంది. విచారణకు తేదీ పడిందని కుడిపక్క అందరూ ఈలలు వేశారు. పార్టీ పెద్ద ఓబుళేసు అతని భుజం తట్టి, "సాక్షివి నువ్వే," అన్నాడు. శశికి మాత్రం ఆ ఎడమపక్క కిటికీ తప్ప ఏదీ పట్టలేదు. ఆమెతో ఒక్కసారి పోట్లాడితే చాలు, ఓడిపోయినా చాలు అనిపించింది.

విచారణకు ముందురోజు ఆమె ఊరికి పోయాడు. వీధిలో ఖాళీ బిందెల వరుస. అందులో ఆమె కూడా నిలబడి ఉంది.

"డ్రైవర్ బిడ్డవు. నీకూ నీళ్ళు రాలేదా?"

"మా నాయన తోలతాడు. యాడికి తోలాలో చెప్పేది ఆయన గాదు." అతని వైపు చూడలేదు. "నీకు నీళ్ళ బాధ లేదులే. నా మీద గెలవాలని అంత మాటన్నావు."

"గెలవాలని గాదు. ఎదురు చెప్తేనే నువ్వు మాట్లాడతాండావని."

ఆమె చేతిలో బిందె కిందికి దిగింది.

"రేపు చెప్పొద్దంటే చెప్పను," అన్నాడు శశి.

"అదీ నాకోసరమేనా? మరి ఈళ్ళకేం చెప్తావు?" వరుసలో నిలబడిన ఆడవాళ్ళను చూపించి, ఇంట్లోకి వెళ్ళిపోయింది.

మండలాఫీసులో అధికారి ముందు శశి చూసింది చూసినట్టు చెప్పాడు. ముగించేలోగా వెనక నుంచి యేసన్న లేచాడు.

"తోలింది నేనే సార్. తోలమన్నది ప్రెసిడెంటు. తోలకుంటే పనిలోంచి తీసేస్తానన్నాడు. బిడ్డ చదువు ఉండాది, నోరు మూసుకున్నా. రాత్రి మా పాప అడిగింది, ఇంకెంతకాలమని."

అధికారి యేసన్నను సాక్షిగా రాసుకున్నాడు. ప్రెసిడెంటు మీద కేసు నడపమని రాస్తానన్నాడు. సాయంత్రానికే యేసన్న పని పోయింది.

ఆఫీసు మూసేవేళ మెట్ల దగ్గర ఎలిజబెత్ ఎదురొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇప్పుడు నీదీ నాదీ ఒకటే మాట అయిపాయ. ఇంకేం పోట్లాడతాము?"

శశి దగ్గర ఇన్ని రోజులూ దాచుకున్నదే మిగిలింది.

"నువ్వు లేకుంటే దినం గడవడంలేదు. పోట్లాట లేకున్నా సరే, పక్కన ఉండు."

ఆమె మెట్ల కింద ఒంటరిగా కూర్చుని బీడీ వెలిగించుకుంటున్న తండ్రి వైపు తల ఊపింది.

"పొద్దున ఆయన్ను అందరి ముందరా నిలబెట్టినావు. ఇప్పుడు నువ్వు ఆయన ముందర నిలబడి ఈ మాట చెప్పు. నేను పక్కనే ఉంటా."