కనుసర్దు ఆగిన చోటు

చంద్రుడి మీద పగలు కూడా ఆకాశం నల్లగానే ఉంటుంది. అందుకని శాంతిగిరి కాలనీలో గ్రహాలు చూడాలనుకునేవాళ్లు పొద్దుగూకేదాకా ఆగనక్కర్లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, కాలనీ అంతా కునుకు తీస్తుంటే, టెలిస్కోపు పిచ్చి ఉన్న కొద్దిమందీ గట్టు మీది అద్దాల గదికి చేరేవారు. టెలిస్కోపులు బయట శూన్యంలో ఉంటాయి. కన్ను ఆనించే కొస మాత్రం గోడలోంచి గదిలోకి వస్తుంది. ఎండకి లోహం సాగుతుంది, నీడకి ముడుచుకుంటుంది. బొమ్మ తేటగా కనపడాలంటే కన్ను ఆనించే గొట్టాన్ని ముందుకీ వెనక్కీ జరిపే ఫోకసర్‌ని అస్తమానూ సర్దుకుంటూ ఉండాలి.

ఏ ఫోకసర్ మంచిదన్న దాని మీద ఆ గదిలో జరిగినన్ని తగాదాలు కాలనీలో నీటి వాటాల మీద కూడా జరగలేదు. పళ్లచక్రమైతే ఎంత బరువైనా మోస్తుందని ఒకరు, రోలరైతే వెన్నలా జారుతుందని ఇంకొకరు. కనుసర్దు అనే మోటార్ ఫోకసర్ వచ్చాక చాలామంది నోళ్లు మూతపడ్డాయి. దాన్ని చేత్తో తిప్పే పనిలేదు. కంటిలోకి కనపడని కిరణం పంపి, రెటీనాని తాకి తిరిగొచ్చిన వెలుగును చదివి, ఆ కంటికి ఎంత కావాలో అంతకే గొట్టాన్ని జరిపి, సరిపోయిందా అని నోరు తెరిచి అడుగుతుంది. ముసలి కన్నయినా, పసి కన్నయినా దానికి ఒకటే.

భావనారాయణ గారి కనుసర్దు మాత్రం ఆయన కంటికి కాకుండా, చనిపోయిన ఆయన భార్య కంటికి సర్దుకుంటోంది.

శేషారత్నం గారికి దూరపు చూపు ఆనేది కాదు. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని చూసేవారు. ఆవిడ కోసం గొట్టం బాగా లోపలికి జరగాల్సి వచ్చేది. భావనారాయణ గారి చూపు ఈ వయసులోనూ నిక్షేపంలా ఉంది. అయినా ఆయన కూర్చోగానే గొట్టం తేటగా ఉన్నచోట క్షణం ఆగి, తర్వాత ఎవరో అవతల నుంచి మెల్లగా లాగుతున్నట్టు, ఆవిడ చోటికి జరిగిపోయేది. శనిగ్రహం మంచులో మునిగినట్టయ్యేది. మొదటిసారి ఆయన ఒళ్లు జలదరించింది. రాన్రానూ భయం పోయింది. పక్కన ఖాళీగా ఉన్న ఆవిడ స్టూలు మీద చెయ్యి వేసి కూర్చుని, ఆ పూట ఏం కూర వండుకున్నారో, అందులో ఉప్పు ఎంత ఎక్కువైందో చెప్పుకునేవారు. ఇల్లు ఖాళీ అయినా ఈ ఒక్క స్టూలు ఖాళీ కాలేదు కదా అనుకునేవారు.

ఒకనాడు పనిముట్ల పెట్టెతో జుబేదా వచ్చింది. కనుసర్దును తయారుచేసిన బృందంలో ఆమె ఒకతె.

"ఇది పాడవలేదమ్మాయ్. దీని జోలికి రాకు," అన్నారాయన.

"పాడవకపోతే మీ ఫ్రెండ్ శరభయ్య గారు ఊరికే ఫోన్ చేస్తారా బాబాయి గారూ? 'మావాడు గొట్టంతో సంసారం చేస్తున్నాడు, వచ్చి చూసిపో' అన్నారు."

"వాడి మొహం! వాడు రోలర్ మనిషి. మోటార్ పేరెత్తితే వాడికి దురద."

జుబేదా నవ్వింది. "పిన్నిగారి కంటి కొలత దీని మెమరీలో ఉండిపోయుంటుంది. తుడిచేస్తే సరిపోద్ది."

ఆయన చప్పున యంత్రం మీద అరచెయ్యి పెట్టారు. "తుడిచేస్తే మరి తను..."

 జుబేదా స్క్రూడ్రైవర్ పక్కన పెట్టింది.

"తుడవనులెండి. నా పెట్టెలో కొత్తది ఉంది. అది పిన్నిగారిని ఎరగదు. దాన్ని బిగించి చూద్దాం. అది మీ కంటికి సర్దుకుందనుకోండి, తప్పు పాతదానిదే."

"సర్దుకోకపోతే?"

"ఎందుకు సర్దుకోదు!"

కొత్తది బిగించింది. ఆయన కన్ను ఆనించారు. గొట్టం కదిలింది. శని సూదిమొనలా తేలి నిలబడింది. ఇక ఆవిడ లేనట్టే అనుకుంటూ ఆయన కళ్లు మూసుకోబోతుండగా గొట్టం మళ్లీ కదిలింది. లోపలికి, ఇంకా లోపలికి, ఎప్పటిలా ఆవిడ చోటికి.

"సరిపోయిందా?" అనడిగింది యంత్రం.

"చూశావా!" అన్నారు భావనారాయణ గారు. "తను ఇక్కడే ఉంది."

 జుబేదా యంత్రం వైపు వంగింది. "మొదటి చోటే బాగుందిగా. ఎందుకు జరిగావు?"

"మొదటి చోట బొమ్మ తేటగా ఉంది. కన్ను మాత్రం స్థిమితపడలేదు. రెండో చోట కనుపాప విప్పారింది. ఆగాను."

నచ్చినది కనపడితే కనుపాప పెద్దదవుతుంది; అలా పెద్దదైనచోట ఆగమని నేర్పింది ఆమె బృందమే. బొమ్మ తేటపడితే చాలదు, చూసేవాళ్ల మనసుకీ నచ్చాలి అనుకున్నారు వాళ్లు.

"బాబాయి గారూ, కనుసర్దు రాకముందు చేత్తో తిప్పే రోజుల్లో, పిన్నిగారు చూసి లేచాక మీరు మీ కంటికి మళ్లీ సర్దుకునేవారు కదా? ఎవరైనా చేసేది అదేగా."

"నేను కదిపితే తను చిన్నబుచ్చుకునేది. 'నా సర్దుడు నచ్చలేదేం' అనేది. అందుకని అలాగే చూసేవాణ్ణి. బ్రహ్మాండం అనేవాణ్ణి."

"ఎన్నాళ్లు?"

"దాదాపు కాపురం చేసినన్నాళ్లూ. ఇది తను పోయేముందే కదా వచ్చింది."

జుబేదాకి నవ్వొచ్చింది.  "అయితే గొట్టాన్ని లాగేది పిన్నిగారు కాదు. ఆ మసకకి అలవాటుపడిన మీ కన్నే."

 ఆయన స్టూలు మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"అంటే ఇక్కడ ఎవరూ లేరన్నమాట."

"ఇది మా తప్పు. కనుపాపని చదివే భాగం దీన్లోంచే కాదు, అన్నింట్లోంచీ తీయించేస్తాను. మసకని చూపించి బాగుందనిపించే యంత్రం మాకెందుకు?"

"సరే, తియ్యి," అన్నారాయన. అంత దూరం వచ్చిన పిల్లను ఇబ్బంది పెట్టడం ఆయనకి ఇష్టంలేకపోయింది.

తీసేముందు మామూలు కంటితో ఒక కొలత తీసుకోవాలి. జుబేదా చూపులో ఏ లోపమూ లేదు. టెలిస్కోపును భూమి వైపు తిప్పి తనే కూర్చుంది. గొట్టం కదిలి, ఆగి, మళ్లీ కదిలి ఆగింది.

"ఇదిగో, ఇలా ఉండాలి! అద్దంలా ఉంది. మా తీరం చూడండి, కృష్ణ సముద్రంలో కలిసేచోటు కూడా తెలుస్తోంది."

ఆమె చూస్తున్నదే పక్కనున్న తెర మీద కూడా కనిపిస్తుంది. భావనారాయణ గారు అటు చూశారు. తెర మీద భూమి అలుక్కుపోయి ఉంది. ఎక్కడ నేలో ఎక్కడ నీరో తెలియడం లేదు.

"మీదే ఊరమ్మా?" అన్నారు మెల్లగా.

"నాగాయలంక దగ్గర."

 జుబేదా చిన్నపిల్లగా ఉన్నప్పుడే నాగాయలంకతో సహా దివిసీమ మొత్తాన్నీ సముద్రం తీసేసుకుంది. తేటగా చూస్తే అక్కడ ఉండేది వట్టి నీలమే. మసకలోనైతే నేల ఇంకా ఉన్నట్టే ఉంటుంది.

జుబేదా తలెత్తింది. తెర చూసింది. స్క్రూడ్రైవర్ అందుకోబోయిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"ఇంకొంచెం సర్దనా?" అనడిగింది యంత్రం.

"వద్దు, ఉండు," అంది జుబేదా. మళ్లీ వంగి కన్ను ఆనించింది. కాసేపటికి, తల ఎత్తకుండానే అంది: "రేవు దాటి ఇటు రావాలి బాబాయి గారూ. ఐస్ ఫ్యాక్టరీ వెనక మా ఇల్లు."

భావనారాయణ గారు స్టూలు దగ్గరికి లాక్కుని ఆమె పక్కన కూర్చున్నారు.

"రేవుకి ఎటువైపమ్మా?" అన్నారు.