ఆరో ట్రిప్పు

"అమ్మా, తెమిలావా? తొమ్మిదిన్నరకి కోర్టులో ఉండాలి."

చాముండేశ్వరి ఎప్పుడో తెమిలింది. ముదురు నీలం చీర, పైన కోటు, కాళ్ళకి స్నీకర్స్, ఒళ్ళో ఆకుపచ్చ ఫైలు. అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో ఆ వరస అపార్ట్‌మెంట్లన్నిట్లాగే ఆ ఇల్లూ గురువారం ఉదయం ఉరుకుల పరుగుల మీద ఉంది. కోడలు నమ్రత ఒక చేత్తో లాప్‌టాప్ సర్దుకుంటూ ఇంకో చేత్తో అత్తగారి ముందు ఉప్మా ప్లేటు పెట్టింది.

"రెండు చెంచాలైనా తినండత్తయ్యా. అక్కడ ఎంతసేపు కూర్చోబెడతారో ఏంటో."

"గెలిచొచ్చాక తింటానమ్మా."

కొడుకు రాకేష్‌కి నవ్వూ వచ్చింది, చిరాకూ వచ్చింది. "గెలవడమేంటమ్మా, అదేమైనా హైకోర్టా? ప్రాసిక్యూటర్ ఏదో ఆఫర్ ఇస్తుంది, ఓకే అనేసి వచ్చేయడమే. పదకొండున్నరకి నాకు మీటింగ్ ఉంది."

"నీకెప్పుడు లేదులే మీటింగ్" అంటూ ఆవిడ ఫైలు చంకలో పెట్టుకుని లేచింది.

కిందకొచ్చి తల్లి పాత కారు తలుపు తీశాడు రాకేష్. డ్రైవర్ పక్క సీటు పూర్తిగా వెనక్కి వాలిపోయి ఉంది. నిలబెడదామని పక్కనున్న లీవర్ మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోకు!"

ఆ కేకకి ఎదురుగా కుక్కని తిప్పుతున్న ముసలాయన కూడా ఆగి చూశాడు. చాముండేశ్వరి ఇంకేం మాట్లాడకుండా వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. అది రాకేష్ తండ్రి పద్మనాభం వాల్చుకున్న సీటు. ఆయన పోయి రెండు నెలలైంది.

ఆయన తణుకు ఆర్టీసీ డిపోలో ముప్ఫయ్యొక్కేళ్ళు పనిచేశారు. గ్రీన్‌కార్డు మీద ఇక్కడికొచ్చాక చూపు ఆనక తనకి లైసెన్స్ రాలేదు. దాంతో పట్టుబట్టి భార్యకి ఇప్పించారు. తను పక్కన కూర్చుని హుకుంలు జారీ చేసేవారు. అరవయ్యో ఏట ఆవిడ మొదటిసారి ఎడిసన్‌లో మనవాళ్ళ కొట్ల దాకా నడిపి, గోంగూర కట్టలతో ఇల్లు చేరిన రోజు, పైవాళ్ళకీ కిందవాళ్ళకీ స్వీట్లు పంచారు.

ఈ వేసవిలో ఆయన క్యాన్సర్ వెన్నులోకి పాకింది. ఏ మందు వేసినా మంచం మీద కన్ను మూతపడేది కాదు. కదిలే బండిలో మాత్రం, సీటు వాల్చుకుంటే నిద్ర పట్టేది. అందుకని చాముండేశ్వరి రోజూ మధ్యాహ్నం ఆయన్ని ఎక్కించుకుని పక్క ఊళ్ళో చెట్ల నీడ పడే వీధుల చుట్టూ మెల్లగా తిప్పేది. ఒక చుట్టుకి ఒక ట్రిప్పు. అది ఆయన డిపో లెక్క.

సెప్టెంబరులో ఒకరోజు, నాలుగు రోజులుగా రెప్ప వాల్చని మనిషి మూడో ట్రిప్పులో నిద్రపోయారు. ఆరో ట్రిప్పులో వెనక పోలీసు కారు కనిపించింది. ఏదో కారు అదే పనిగా వీధిలో తచ్చాడుతోందని ఎవరో ఫోన్ చేశారట. ఎర్ర లైట్లు, నీలం లైట్లు వెలిగాయి. ఆవిడ ఆపలేదు. సైరన్ ఒకసారి మోగింది. అయినా ఆపలేదు. మైలున్నర దూరం, ఇరవై స్పీడులో, వెనక పోలీసు కారుతో అలాగే వెళ్ళింది. చివరికి ఇంకో పోలీసు కారు ఎదురుగా అడ్డం నిలబడింది.

మరీ నెమ్మదిగా నడిపినందుకు ఒక జరిమానా టిక్కెట్టు, పోలీసులు ఆపమన్నా ఆపనందుకు ఇంకొకటి. ఆ సాయంత్రమే పద్మనాభానికి మాట పడిపోయింది. నాలుగో రోజు ఆస్పత్రిలో కన్నుమూశారు. కర్మలన్నీ అయ్యాక ఆ టిక్కెట్లు రాకేష్ కంటపడ్డాయి. ఆ క్షణమే తల్లి కారు తాళాలు తన జేబులో వేసుకున్నాడు. "ఇంక నువ్వు డ్రైవ్ చేయొద్దు" అన్నాడు. ఆవిడ తాళాల కోసం పోట్లాడలేదు. "ఈ కేసు మాత్రం నేను వదలను. పోలీసుల దగ్గర వీడియో ఉంటుంది, అది కావాలని లెటర్ పెట్టు" అంది.

*

కోర్టు పక్క గదిలో ప్రాసిక్యూటర్ ఫైలు తిరగేసింది. జుట్టు నెరిసిన మనిషి, మాట మెత్తన. ఆపనందుకు రాసిన టిక్కెట్టు తీసేస్తామంది. నెమ్మదిగా నడిపినదానికి చిన్న ఫైను, లైసెన్స్ మీద పాయింట్లు పడవు.

"చాలా మంచి ఆఫరమ్మా" అన్నాడు రాకేష్.

"నో" అంది చాముండేశ్వరి, ఇంగ్లీషులోనే. "నాట్ గిల్టీ. ఐ వాంట్ పోలీస్ వీడియో."

ప్రాసిక్యూటర్ మళ్ళీ కాగితాలు తిప్పింది. వీడియో కావాలని తమకి ఏ లెటరూ రాలేదంది.

చాముండేశ్వరి మెల్లగా కొడుకు వైపు తిరిగింది. రాకేష్ టేబుల్ అంచు చూస్తూ ఉండిపోయాడు.

వరండాలోకి రాగానే ఆవిడ ఆగిపోయింది. "పంపానన్నావు."

"అమ్మా..."

"రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ పంపానన్నావు."

"అవును, పంపలేదు! ఏం చేయమంటావ్? నువ్వు ఆపలేదు, అది నిజం. వీడియోలోనూ అదే ఉంటుంది. పోలీసులు తుపాకులు తీసుంటే? నాన్నతో పాటు నిన్ను కూడా పోగొట్టుకునేవాణ్ణి. ఆ దరిద్రం మళ్ళీ చూసి ఏం చేస్తావ్?"

"మీ నాన్న మాట వింటాను."

రాకేష్‌కి అర్థం కాలేదు.

"ఆ రోజు నన్ను దిగి, వెనక నిలబడమన్నారు" అంది ఆవిడ. "ఆఫీసరు మీ నాన్నగారి వైపు వెళ్ళాడు. ఆయన పడుకునే ఏదో చెప్పారు. చాలాసేపు చెప్పారురా, ఇలా చెయ్యి ఊపుతూ. ఆ ఆఫీసరు నల్లకళ్ళద్దాలు తీసేసి కిటికీలోకి వంగాడు. నాకు ఒక్క ముక్క వినపడలేదు. కారెక్కి, ఏం చెప్పారండీ అనడిగితే, ఇంటికెళ్ళాక చెప్తాలే అన్నారు. ఇల్లొచ్చేసరికి నిద్రలో ఉన్నారు. లేచాక మాట లేదు."

ఆవిడ ఫైలుని రెండు చేతులా గుండెకి అదుముకుంది.

"నలభై రెండేళ్ళ కాపురం. ఆయన ఆఖరిసారి అంతసేపు మాట్లాడింది ఎవరో పోలీసాయనతో. అది అతనికి తెలుసు, నాకు తెలీదు. అతని చొక్కా మీద కెమెరా ఉండటం చూశాను. ఇప్పుడు ఓకే అంటే ఫైలు మూసేస్తారు, కొన్నాళ్ళకి వీడియో చెరిపేస్తారట. కాదూ?"

"ఈ మాట నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబుదామనే ఆ రోడ్డు మీద నిలబడి నీకు మూడుసార్లు ఫోన్ చేశాను."

రాకేష్‌కి ఆ మధ్యాహ్నం కళ్ళకి కట్టింది. టేబుల్ మీద బోర్లా పెట్టిన ఫోను, మూడుసార్లు గుర్రుమని ఆగింది. మీటింగ్‌లో ఉన్నాను, తర్వాత చేస్తా అని మెసేజ్ కొట్టాడు. తర్వాత చేయలేదు.

జేబులో ఫోను మోగింది. పేరు చూడకుండా స్విచ్ఛాఫ్ చేశాడు. వరండా బెంచీ మీద కూర్చుని వీడియో కావాలని లెటరు చేత్తో రాశాడు. తల్లి సంతకం పెట్టించి, ప్రాసిక్యూటర్‌కిచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకున్నాడు. పేరు పిలవగానే జడ్జి ముందు నిలబడి, "తప్పు మా అమ్మది కాదు. పంపాల్సినవాణ్ణి నేను, పంపలేదు. మాకు ఇంకొంచెం టైమ్ ఇవ్వండి" అన్నాడు. జడ్జి మూడు వారాలు ఇచ్చాడు.

*

రెండో ఆదివారం పొద్దున్నే డైనింగ్ టేబుల్ చుట్టూ ముగ్గురూ కూర్చున్నారు. నమ్రత అత్తగారి భుజం మీద చెయ్యి వేసింది. రాకేష్ పోలీసులు పంపిన వీడియో నొక్కాడు.

కిటికీ. వాలిన సీటు. గడ్డం మాసిన పద్మనాభం. చాముండేశ్వరి స్క్రీన్ వైపు చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

మీ వెనక మా లైట్లు చూశారా సర్, అని ఆఫీసరు గొంతు.

"ఆఫీసర్, ఐ వాజ్ స్లీపింగ్" అన్నారు పద్మనాభం. గొంతులో ఓపిక లేదు. కానీ ఇంగ్లీషు మాత్రం డిపోలో కాగితాలు రాసినప్పటిలాగే ఉంది, ఒక్కో మాటా తూచినట్టు. నాలుగు రోజుల తర్వాత నిద్ర పట్టిందని, తనని లేపలేకే ఆవిడ ఆపలేదని చెప్పారు. "థర్టీవన్ ఇయర్స్ నేను డ్రైవర్లకి మెమోలు రాశాను. మీరు కూడా రాయండి. అది మీ డ్యూటీ. కానీ నా పేరు మీద రాయండి."

కాసేపు ఆయాసం. ఆఫీసరు మంచినీళ్ళు కావాలా అన్నాడు. వద్దని చెయ్యి ఊపారు.

"మా డిపోలో నూటపది మంది డ్రైవర్లు. ఒక్కడు కూడా ఇంత మెత్తగా నడపలేదు. గుంతలో పడ్డా నా వెన్నుకి తెలీదు. ఆవిడ లైసెన్స్ మాత్రం తీసుకోకండి, ప్లీజ్. నేను ఎక్కువ రోజులు ఉండను. తర్వాత ఆవిడకి ఈ దేశంలో మిగిలేది ఆ స్టీరింగే. అది కూడా లాక్కుంటే ఇంట్లో ఓ మూల పార్సిల్‌లా పడుంటుంది."

రాకేష్ చెయ్యి తెలీకుండానే తాళాలున్న జేబు మీదకి వెళ్ళింది.

మీ ఫ్యామిలీలో ఎవరికైనా ఫోన్ చేయనా, అని ఆఫీసరు అడిగాడు.

"నో, నో. మా అబ్బాయి ఆఫీసులో ఉన్నాడు. తెలిస్తే కంగారుపడి స్పీడుగా వస్తాడు." పద్మనాభం నవ్వారు. నవ్వుతుంటే నొప్పికి ముఖం ముడుచుకుంది. "అప్పుడు మీరు ఇంకో టిక్కెట్టు రాయాలి. మంచివాడు. వాణ్ణి ఏమీ అనకండి."

వీడియో ఆగిపోయింది. నమ్రత ముఖం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. రాకేష్ టేబుల్ మీద తలపెట్టి, చిన్నపిల్లాడిలా ఎక్కెక్కి ఏడ్చాడు. చాముండేశ్వరి ఏడవలేదు. కొడుకు జుట్టులో వేళ్ళు పోనిచ్చి, "చూశావా, నూటపది మందిలోనట. బతికుండగా ఒక్కసారైనా నా ముందు అనలేదు" అంది. అప్పుడొచ్చాయి ఆవిడకి కన్నీళ్ళు.

చాలాసేపటికి రాకేష్ తలెత్తాడు. "కేసు పోరాడదామమ్మా. లాయర్‌ని పెడతాను. జడ్జికి ఈ వీడియో చూపిస్తే..."

"వద్దురా. ఆపకపోవడం తప్పే. మీ నాన్నే రాయమన్నారు కదా మెమో. తీసుకుందాం. నాక్కావలసింది వచ్చేసింది."

రాకేష్ జేబులోంచి తాళాలు తీసి తల్లి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు. "పద."

"ఎక్కడికి?"

"అదే వీధికి."

"మళ్ళీ ఎవరైనా పోలీసులకి ఫోన్ చేస్తే?"

"ఈసారి ఆపు."

కింద కారులో ఆవిడ అద్దం సరిచేసుకుంది. రాకేష్ పక్క తలుపు తీసి, ఒక్క క్షణం తల్లి ముఖంలోకి చూశాడు. ఆవిడ తలూపింది. లీవరు ముట్టుకోకుండా, ఆ సీటు ఎలా ఉందో అలాగే వెనక్కి వాలాడు. నొప్పి మందు వాసన ఇంకా పోలేదు. అక్కడినుంచి ఆకాశం, చెట్ల కొమ్మలు, స్టీరింగ్ మీద అమ్మ చేతులు తప్ప ఇంకేం కనబడవు. వేసవంతా నాన్న చూసింది ఇదేనన్నమాట.

రాకేష్ కళ్ళు మూసుకున్నాడు. కొడుక్కి నిద్రపట్టిందనుకుని చాముండేశ్వరి స్పీడ్‌బ్రేకర్ ముందు కారుని ఇంకా నెమ్మది చేసింది. ఎక్కింది తెలీలేదు, దిగింది తెలీలేదు.

అతను నిద్రపోలేదు. కానీ కళ్ళు తెరవలేదు.